సొమ్మొకడిది, సోకొకడిది, ప్రాణం మరొకడిది

అఫ్ఘన్ సైన్యపు యూనిఫాం కథ విన్నవారెవరికైనా మొదట గుర్తుకు వచ్చేది "సొమ్మొకడిది సోకొకడిది" అన్న సామెతే. ఆ సామెత ఇక్కడ సగం నిజమే చెబుతుందని నా వాదన.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా. 2007లో అఫ్ఘన్ సైన్యానికి కొత్త దుస్తులు కావలసివచ్చాయి. డబ్బు అమెరికాది. అధికారులు ఇంటర్నెట్లో వెతుకుతుంటే ఒక కెనడా సంస్థ వారి అడవి రంగుల కామఫ్లాజ్ డిజైను కనబడింది. రక్షణమంత్రి అబ్దుల్ రహీం వర్దక్‌కు అది నచ్చింది. అంతే, ఖరారయింది. ఆ దేశంలో అడవి నూటికి రెండు పాళ్ళు! హక్కుల రుసుము లేని డిజైన్లు అమెరికా చేతిలోనే ఉండగా, దీనివల్ల దాదాపు 2 కోట్ల 80 లక్షల డాలర్లు వృథా అయివుండవచ్చని 2017 జూన్‌లో అమెరికా తనిఖీ సంస్థే తేల్చింది. లోకమంతా మంత్రిగారి సోకును చూసి నవ్వింది.

యుద్ధం ఎక్కువగా జరిగేది పచ్చని లోయల్లోనే కదా అని కొందరంటారు. అర్ఘందాబ్ దానిమ్మ తోటల్లో ఆకుపచ్చ పనికిరావచ్చు, కాదనను. కానీ అది పరీక్షించి తేల్చవలసిన సంగతి. ఆ పరీక్షే జరగలేదు.

పరీక్షించడం అమెరికాకు తెలియదా? 2004లో తన సైనికులకు ఎంపిక చేసిన బూడిదరంగు చుక్కల గుడ్డ అఫ్ఘన్ కొండల్లో కొట్టొచ్చినట్టు కనబడుతోందని గ్రహించి, 2009లో ఆ నేల మీదనే పరీక్షలు చేసింది. 2010 నుండి అక్కడికి వెళ్ళే తన సైనికులకు వేరే గుడ్డ ఇచ్చింది. అదే కొండ మీద, అదే శత్రువు ఎదుట, పక్కనే నిలబడిన అఫ్ఘన్ సిపాయికి మాత్రం పాత అడవే మిగిలింది. దీన్ని మంత్రిగారి అభిరుచి ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. తప్పు తెలిసి, తనవరకు దిద్దుకుని, పక్కవాడిని వదిలేసినవాడిదే పెద్ద నేరం.

2014 తరువాత 45 వేల మందికి పైగా భద్రతా సిబ్బంది మరణించారని అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ 2019 జనవరిలో చెప్పాడు. ఆ చావులకు గుడ్డే కారణమని నేననడం లేదు. డాలర్లను అంత శ్రద్ధగా లెక్కగట్టినవారు ఆ సిపాయి ఎంత దూరం నుండి కనబడతాడో ముందే ఎందుకు లెక్కగట్టలేదన్నదే నా ప్రశ్న. 2021 ఆగస్టులో ఆ సైన్యమే లేకుండా పోయింది. ప్రశ్న మిగిలింది.

ఖాకీ అంటే ఫార్సీ, ఉర్దూలలో మట్టిరంగు. 1846లో పెషావర్‌లో ఏర్పడిన గైడ్స్ దళం ఆ సరిహద్దు కొండల దుమ్మును చూసే ఆ రంగు తొడుక్కుంది. నేలను చూస్తే తెలిసే సంగతికి ఇంటర్నెట్ దాకా వెళ్ళారు!

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి.