సీసా మళ్ళీ సీసా కావాలంటే

నీరు త్రాగి పారవేసిన ప్లాస్టిక్ సీసాకు రెండు గతులున్నవి. శుద్ధమైన సరుకుగా కరిగితే అది తిరిగి సీసా కాగలదు. కల్తీ సరుకుగా కరిగితే ఏ నాసిరకపు వస్తువుగానో మారి, అక్కడితో దాని ప్రయాణం ముగుస్తుంది. ఏ గతి పట్టనున్నదో చాలావరకు ఏరివేత దగ్గరే నిర్ణయమవుతుంది.

సీసాలు చేసేది పి.ఇ.టి. అనే ప్లాస్టిక్‌తో. అది కరగడానికి సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. ఆ వేడికి పి.వి.సి. తాళలేదు, విచ్ఛిన్నమై హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. ఆ ఆమ్లం పి.ఇ.టి. అణువుల పొడవైన గొలుసులను తెంపివేయగా సరుకు పసుపుబారి పెళుసవుతుంది. పదివేల పాళ్ళలో ఒక పాలు పి.వి.సి. కలిసినా చాలు. కడివెడు పాలకు ఒక్క విషపుచుక్క వంటిదన్నమాట.

ఈ రెండింటినీ విడదీయడం తేలిక కాదు. ప్లాస్టిక్ ముక్కలను నీటితొట్టిలో వేస్తే పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్ మూతల ముక్కలు తేలిపోతాయి. పి.ఇ.టి., పి.వి.సి.ల సాంద్రత దాదాపు ఒకటే కనుక అవి రెండూ మునుగుతాయి.

అందుచేత శాస్త్రజ్ఞులు కాంతిని ఆశ్రయించారు. పరారుణ కిరణాలను ఒక్కొక్క ప్లాస్టిక్ ఒక్కొక్క తీరున పీల్చుకుంటుంది. కదిలే బెల్టుపై వచ్చే వస్తువులను యంత్రం ఈ గుర్తుతో పోల్చుకుని, గాలిని ఊది వేరుచేస్తుంది. కాని తడిసినవి, మట్టిపట్టినవి, వేరొక ప్లాస్టిక్ తొడుగు చుట్టినవి దానిని తికమకపెడతాయి.

ఇక్కడ అక్కరకు వచ్చినదే మెషీన్ లెర్నింగ్. ఇది ఉదాహరణలు చూపి కంప్యూటరుకు నేర్పే పద్ధతి. ఏది ఏ ప్లాస్టికో ముందే గుర్తించిన వేలాది నమూనాలను పరిశీలించి, అది పోలికలను తనంత తాను గ్రహిస్తుంది. పెరుగు డబ్బా, రసాయనాల డబ్బా ఒకే పాలిప్రొపిలీన్‌తో చేసినవైతే పరారుణ కిరణాలకు ఒక్కటే. కెమెరా బొమ్మలతో శిక్షణ పొందిన యంత్రం ఆకారాన్ని, పైముద్రను బట్టి వాటిని విడదీయగలదు. మసితో నల్లరంగు పట్టించిన ప్లాస్టిక్ మాత్రం ఆ కిరణాలను మింగివేస్తుంది కనుక నేటికీ చిక్కు సమస్యే.

ముంబైలోని ధారావి వంటి చోట్ల ఈ విద్య ఏనాటినుంచో చేతులలో ఉన్నది. అక్కడివారు ముక్కను వంచి, తట్టి, కొస కాల్చి వాసన చూసి రకం చెప్పగలరు. యంత్రానికి చూపే నమూనాలకు పేరు పెట్టవలసినదీ ఇటువంటి అనుభవమే. ఆ పేరు తప్పితే యంత్రం అదే తప్పును అలుపు లేకుండా చేస్తూ పోతుంది.

సరుకు శుద్ధి పెరిగితే ధర పెరుగుతుంది. పెరిగిన ధరలో ఏరిన చేతులకు వాటా దక్కుతుందా, లేక ఆ చేతుల పనినే యంత్రం తీసుకుంటుందా? ఇది కంప్యూటరు తేల్చే లెక్క కాదు. దానిని కొని నిలిపేవారు తేల్చవలసినది.