ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ నూనె మంచిది?

విద్యార్థులారా! చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు ప్రాంతాల్లో పత్తి, మిరప చేల గట్ల వెంట నడిచేటప్పుడు సన్నగా గుంయ్‌మంటూ మోగే ఇనుప పెట్టెను మీరు చూసే ఉంటారు. 11 వేల వోల్టుల విద్యుత్తును 433 వోల్టులకు దించి, బోరు మోటార్లకు అందించే ట్రాన్స్‌ఫార్మర్ అది. అందులో ఇనుప రేకులు, తీగచుట్టలు ఉంటాయని మీరు పాఠంలో చదువుకున్నారు. కాని ఆ చుట్టలన్నీ నూనెలో మునిగి ఉంటాయని మీలో ఎందరికి తెలుసు?

ఆ నూనె రెండు పనులు చేస్తుంది. ఒకటి, తీగకూ తీగకూ మధ్య, తీగకూ పెట్టెకూ మధ్య విద్యుత్తు దూకకుండా ఆపడం. రెండోది, చుట్టల్లో పుట్టిన వేడిని బయటికి చేర్చడం. వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది. పక్క గొట్టాల్లో చల్లబడి కిందికి దిగుతుంది. మీరు చదువుకున్న సంవహనం ఇదే. మోటారు లేకుండా, మనిషి లేకుండా రాత్రింబగళ్లు సాగే పని ఇది.

మరి ఏ నూనె పోసినా సరిపోతుందా? సరిపోదు. నూనెను ఎన్నుకొనే ముందు దాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. విద్యుత్తును ఆపగలవా? వేడిని మోయగలవా? నిప్పుకు తట్టుకోగలవా? నేలమీద ఒలికితే ఏం చేస్తావు? మొదటి రెండు ప్రశ్నలు అందరూ అడుగుతారు. మిగతా రెండూ మనలాంటి ప్రాంతంలో అంతకన్న తక్కువవి కావని నా అభిప్రాయం.

ముడిచమురు నుంచి తీసే ఖనిజతైలాన్ని 1890ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్లలో వాడుతున్నారు. దాని ధర తక్కువ. పలుచగా ఉంటుంది కనుక చక్కగా ప్రవహిస్తుంది. పరీక్ష చేసేటప్పుడు నూనెలో రెండు లోహపు గుండ్లను రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో ఉంచి వోల్టేజిని పెంచుతారు. మంచి నూనె కనీసం 30 వేల వోల్టులు తట్టుకోవాలి. గాలి అందులో మూడో వంతు కూడా తట్టుకోలేదు. అయితే ఈ నూనెకు తేమ పెద్ద శత్రువు. కిలో ఖనిజతైలంలో మామూలు వేడిమి వద్ద సుమారు 50 మిల్లీగ్రాముల నీరే కరుగుతుంది. ఆ హద్దుకు చేరువయ్యే కొద్దీ నూనె బలం పడిపోతుంది. పైగా సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది అంటుకొని మండసాగుతుంది.

మంట భయం లేని నూనె కావాలనుకొని 1930ల నుంచి కొన్ని దేశాల్లో పి.సి.బి.లు అనే క్లోరిన్ సమ్మేళనాలను వాడారు. అవి మండవు, చెడవు. మూడు ప్రశ్నలకూ చక్కని జవాబిచ్చాయి. నాలుగో ప్రశ్న ఎవరూ అడగలేదు. చెడని గుణమే చేటయింది. నేలలో, నీటిలో నశించకుండా చేపల కొవ్వులో, మనుషుల కొవ్వులో చేరి పేరుకున్నాయి. 1968లో జపానులో వేడిని మోయడానికి వాడే పి.సి.బి. ద్రవం తవుడు నూనెలో కలిసి, దాన్ని తిన్న వేలాది మంది జబ్బుపడ్డారు. మన ప్రభుత్వం 2016లో వీటి తయారీని, దిగుమతిని నిషేధించి, వాడకం 2025 డిసెంబరు 31 నాటికి పూర్తిగా ఆగిపోవాలని గడువు పెట్టింది. ఒక్క గుణం చూసి మురిసిపోతే ఏమవుతుందో చూశారా?

ఇప్పుడు మరో నూనె వచ్చింది. సోయా, పొద్దుతిరుగుడు, ఆవజాతి గింజల నుంచి తీసి శుద్ధిచేసిన వృక్షతైలం. 300 డిగ్రీలు దాటితే తప్ప ఇది అంటుకొని మండదు. కిలోకు సుమారు 1000 మిల్లీగ్రాముల నీటిని తనలో కలుపుకోగలదు. చుట్టలకు చుట్టిన కాగితంలోని తేమను లాగి ఆ కాగితం ఆయుష్షును పెంచుతుంది. ఒలికితే నేలలోని సూక్ష్మజీవులు దాన్ని త్వరగా విడగొట్టేస్తాయి.

దీనికి లోపాలు లేకపోలేదు. ధర ఎక్కువ. కొంచెం చిక్కన. గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. గారెలు వేసిన మూకుడు అంచున నూనె జిగురుగా పట్టడం మీ ఇంట్లో చూశారు గదా, అదే! అందుచేత గాలి చొరకుండా మూసిన పెట్టెలోనే దీన్ని వాడాలి. మన పత్తిగింజల నూనె కూడా ఈ కుటుంబంలోదే. అయినా గానుగ నుంచి తెచ్చిన నూనెను అలాగే పొయ్యరాదు. అందులోని ఆమ్లాలు, తేమ తొలగించాలి. చెడకుండా మందులు కలపాలి. వృక్షతైలం చలికి గడ్డకడుతుందని శీతల దేశాలవారు జంకుతారు. ఆ భయం గుంటూరు ఎండలకు వర్తించదు.

కనుక నా మాట ఇది. అన్ని చోట్లకూ ఒకే నూనె అనకూడదు. దూది పేరుకొన్న జిన్నింగు మిల్లు పక్కన, మిరపకాయల టిక్కీలు వేలకొద్దీ నిలవచేసిన కోల్డ్ స్టోరేజి పక్కన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేటప్పుడు వృక్షతైలానికే ఓటు వెయ్యాలి. ఒక్క అగ్నిప్రమాదం రైతుల ఏడాది కష్టాన్ని బుగ్గి చేస్తుంది. దాని ముందు నూనె ధరలో తేడా ఎంత? కాలువ గట్లమీద, చెరువుల దగ్గర కూడా అంతే. రాగి కోసం దొంగలు ట్రాన్స్‌ఫార్మర్‌ను పగలగొట్టి నూనె నేలపాలు చేసిన వార్తలు మీరు వినే ఉంటారు. ఆ నూనె ఇంకేది మన నల్లరేగడిలోనే. మిగతా చోట్ల ఖనిజతైలమే ఉండవచ్చు గాని, దాన్ని వేళకు పరీక్షించి, పొడిగా ఉంచాలి.

చివరగా ఒక హెచ్చరిక. కీళ్లనొప్పులకు ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాస్తే తగ్గుతుందని కొన్ని ఊళ్లలో నమ్ముతారు. అది మందు కాదు. చాలాకాలం వాడిన నూనెలో ఏమేమి కలిసి ఉన్నాయో చూసి చెప్పలేం. మీ తాతయ్యకో నాయనమ్మకో ఎవరైనా సీసాలో తెచ్చి ఇస్తే, వద్దని చెప్పవలసింది మీరే. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం కంచె బయటి నుంచే చూడండి. కింద నేలమీద నూనె మరక కనిపిస్తే ముట్టుకోకుండా లైన్‌మన్‌కు చెప్పండి. సైన్సు చదివినందుకు ఊరికి మీరు చేయగల మొదటి సేవ అది.