గిల్టు గుట్టు

గిల్టు గొలుసు ఏడాది తిరక్కుండానే మెడ మీద పచ్చటి చార వేస్తే, "పూత పలచన కాబోలు" అని సరిపెట్టుకుంటాం. ఎంత పలచన? ఎవరు తూచారు? ఈ వారం నా ప్రశ్న అదీ.

కరెంటుతో పూత వేయడం కొత్త విద్యేమీ కాదు. 1805లోనే ఇటలీ దేశస్థుడు బ్రున్యాటెల్లి వెండి పతకాల మీద బంగారం ఎక్కించాడు. 1830లలో ఫారడే దానికి లెక్క కట్టాడు: ఎంత కరెంటు పోతే అంత లోహం. ఒక ఆంపియరు గంటసేపు పోతే సుమారు 4 గ్రాముల వెండి. పద్దు ఇంత శుభ్రంగా ఉంటే ఇక పేచీ ఏమిటంటారా?

తొట్టిలో నీళ్ళున్నాయి కదండీ! కరెంటులో కొంత ఆ నీళ్ళలోంచి హైడ్రోజన్ పుట్టించడానికి ఖర్చవుతుంది. పద్దులో ఖర్చు కనిపిస్తుంది, సరుకు మాత్రం ఇంటికి రాదు. పైగా ఆ హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరితే ఉక్కు పెళుసెక్కుతుంది. నిగనిగలాడే బోల్టు బరువు పడ్డాక ఒకనాడు పుటుక్కుమంటుంది. అందుకే అలాంటి సామానును పూత కాగానే సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. నగ వెలిస్తే పరువు పోతుంది. బోల్టు విరిగితే ప్రాణమే పోవచ్చు.

మరి పూతను తూచే తక్కెడ ఏది? పలుగురాయి! దాని పలుచని బిళ్ళకు విద్యుత్తు తగిలిస్తే సెకనుకు 50 లక్షల సార్లు అదురుతుంది. మీద బరువు పడ్డకొద్దీ అదురు తగ్గుతుంది. ఎంత బరువుకు ఎంత తగ్గుతుందో 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సావర్‌బ్రే సూత్రం చెప్పాడు. రాగి పరమాణువులు ఒక్క వరస పరుచుకుంటే చాలు, ఇంచుమించు 10 అదుర్లు తగ్గుతాయి. 1980లలో ఈ బిళ్ళను ద్రవంలో ముంచి తూచడం కూడా సాధ్యమయింది.

ఇప్పుడు ఒకే తొట్టిలో రాగినీ కోబాల్టునూ కలిపి, పూతరేకుల్లా పొర మీద పొర వేస్తున్నారు. వోల్టేజి తక్కువైతే రాగి ఒక్కటే ఎక్కుతుంది. పెంచితే కోబాల్టు ఎక్కుతుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షలవ వంతులు కొన్ని మాత్రమే. అయస్కాంతం దగ్గరికి వస్తే వీటి విద్యుత్ నిరోధం మారుతుంది. అదే వీటి ఉపయోగం. అయితే వోల్టేజి దించగానే, ఎక్కిన కోబాల్టులో కొంత కరిగి జారుకోవచ్చు. రాగి ఎక్కడమూ కోబాల్టు దిగడమూ ఒకేసారి జరిగితే కరెంటు పద్దులో జమా ఖర్చూ చెల్లుకు చెల్లయిపోతాయి. పద్దును తూకంతో కలిపి చూస్తేనే గుట్టు బయటపడుతుంది.

మెరుపు అందరికీ కనిపిస్తుంది. మందం అడిగినవాడికే తెలుస్తుంది. ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు, ధరతోపాటు అదీ అడిగి చూడండి.