కారు పాలసీలో ఆ చిన్న టిక్కులు

చీర కొనేటప్పుడు అంచు చూస్తాం, పల్లూ చూస్తాం, రంగు పోతుందేమోనని నాలుగుసార్లు అడుగుతాం. కారు ఇన్సూరెన్స్ కాగితం దగ్గరకొచ్చేసరికి మాత్రం "మావారు చూసుకుంటారులే" అని ఊరుకుంటాం. నేను అలా ఊరుకున్నా బాగుండేది. ఊరుకోకుండా తెలివితేటలు చూపించాను.

మాది విజయవాడ సింగ్ నగర్. 2021 దీపావళికి చిన్న కారు కొన్నాం. 2023లో పాలసీ కట్టే రోజు మావారు ఆఫీసులో ఉన్నారు, ఏజెంటు అబ్బాయి ఇంటికొచ్చాడు. "ఇంజన్ ప్రొటెక్షన్ ఉంచమంటారా అమ్మా? ఎనిమిది వందల చిల్లర అవుతుంది" అన్నాడు. "మన కారేమన్నా కృష్ణలో దిగుతుందా నాయనా, తీసెయ్" అన్నాను. పక్కనే ఇంకోటి ఉంటే అదీ తీసేయించాను. సాయంత్రం మావారితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. కారు కృష్ణలో దిగలేదు, బుడమేరే మా వీధిలోకి వచ్చింది. పొద్దున కాఫీ వేళకి గుమ్మంలో నీళ్ళు, మధ్యాహ్నానికి కారు స్టీరింగు దాకా. మేం పైవాటా వాళ్ళింట్లో తలదాచుకున్నాం. రోజుల తరబడి నీళ్ళు తీయలేదు. తగ్గాక బురదలోంచి కారు తలుపు తీసి, మావారు "ఒక్కసారి తాళం తిప్పి చూస్తాను" అన్నారు. నేనూ "చూడండి" అన్నాను. గుర్రుమంది, టక్కుమని ఆగిపోయింది.

ఆ ఒక్క తాళం తిప్పడం ఖరీదు ఎనభై ఆరు వేలు.

సర్వేయరు వచ్చి చూసి చెప్పిన మాట ఇది. వరదలో కారు మునిగితే మామూలు ఫుల్ పాలసీలోనే డబ్బిస్తారు. సీట్లు, కార్పెట్లు, వైరింగు అన్నీ ఇచ్చారు కూడా. కానీ నీళ్ళు నిండిన ఇంజన్ని స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయట. అది వరద చేసిన నష్టం కాదు, తర్వాత మనం చేసుకున్నది అంటారు. దానికే ఆ ఇంజన్ ప్రొటెక్షన్. అది మన కాగితంలో లేదు. నేను తీసేయించిన ఆ రెండోది కన్స్యూమబుల్స్ అనే కవర్. ఇంజన్ ఆయిలు, కూలెంటు, గ్రీజు, నట్లు, బోల్టులు లాంటివి అందులోకి వస్తాయి. ఇదివరకు నేను "నట్లు బోల్టులకి కూడా ఇన్సూరెన్సా" అని నవ్వాను. బిల్లులో అవన్నీ వరసగా ఉంటే నవ్వు రాలేదు.

మావారు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. అందుకే ఆ అక్టోబరులో పాలసీ కట్టే ముందు ఏజెంటు అబ్బాయిని కూర్చోబెట్టి, టిఫిను పెట్టి, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.

ముందు ఒక సంగతి. చట్ట ప్రకారం తప్పనిసరి థర్డ్ పార్టీ ఒక్కటే. అది మన కారు వల్ల అవతలివాళ్ళకి జరిగిన నష్టానికి. మన కారుకి పైసా రాదు. ఈ అదనపు కవర్లన్నీ మన కారు నష్టానికి కట్టే పాలసీ ఉంటేనే దానిమీద చేరతాయి.

వీటిల్లో నేను వదలనిది జీరో డిప్రిసియేషన్. బంపర్ టు బంపర్ అని కూడా అంటారు. గుంటూరులో మా చెల్లెలి సంగతి చెబితే మీకే తెలుస్తుంది. గేటు దగ్గర రివర్సు చేస్తూ బంపరు విరగ్గొట్టింది. కొత్త బంపరు పన్నెండు వేలు. ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీలకి సగం తరుగు తీసేస్తారు, కారు కొత్తదైనా సరే. అంటే ఆరు వేలే లెక్కలోకొచ్చాయి. అందులోంచి వెయ్యి, ఎలాగూ మనమే పెట్టుకోవాల్సింది, పోయింది. చేతికొచ్చింది ఐదు వేలు. ఈ కవర్ ఉంటే పదకొండు వేలు వచ్చేవి. రేకు భాగాలకి తరుగు కారు వయసుని బట్టి పెరుగుతుంది, అద్దాలకి మాత్రం ఉండదు. చాలా కంపెనీలు ఐదేళ్ళ లోపు కార్లకే ఈ కవర్ ఇస్తాయి, కొన్ని ఇంకా పాతవాటికీ ఇస్తాయి. ఏడాదికి ఎన్ని క్లెయిములకి వర్తిస్తుందో తప్పకుండా అడగండి. రెండే అనే వాళ్ళు ఎక్కువ.

రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనేది కొత్త కారుకి మంచిది. కారు దొంగలెత్తుకుపోయినా, బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైనా, మామూలు పాలసీ తరుగు పోను విలువే ఇస్తుంది. రెండేళ్ళు దాటితే ముప్ఫై శాతం తరుగు. ఈ కవర్ ఉంటే బిల్లు ధర వస్తుంది. మా కారుకి ఆ వయసు దాటిపోయింది, వద్దన్నాను.

నో క్లెయిమ్ బోనస్ కాపాడే కవర్ గురించి అడిగితే ఆ అబ్బాయి కొంచెం నసిగాడు. మాకప్పటికి కాపాడుకునేందుకు ఏముంది గనక! 2023లో ఇరవై ఐదు శాతం తగ్గింపు వచ్చింది, ఇంకో ఏడాది క్లెయిము లేకుండా గడిస్తే ముప్ఫై ఐదు అయ్యేది. వరద క్లెయిముతో సున్నా. ఐదేళ్ళు జాగ్రత్తగా నడిపి యాభై శాతం దాకా తెచ్చుకున్న వాళ్ళు మాత్రం ఆలోచించాలి. చిన్న గీతలకి, సొట్టలకి క్లెయిము పెట్టకపోవడమే మేలు.

టైర్ల కవర్, తాళం పోతే ఇచ్చే కవర్ నాకు అంత అవసరమనిపించలేదు. దారిలో ఆగిపోతే సాయం చేసే కవర్ కారు కంపెనీ వాళ్ళే కొన్నేళ్ళు ఇస్తుంటారు. రెండుసార్లు డబ్బు కట్టకండి.

ఇక ఆడవాళ్ళం గమనించాల్సింది ఒకటుంది. కారు భార్య పేరు మీద కొనడం ఇప్పుడు మామూలైపోయింది. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి పదిహేను లక్షల ప్రమాద బీమా అంటారు కదా, అది ఆర్‌సీలో పేరున్న మనిషికే, అదీ లైసెన్సు ఉంటేనే. మా కారు నా పేరనే ఉంది. నడిపేది మావారు. ఆయనకి ఆ పాలసీలో ఏమీ లేదని నాకు అప్పటిదాకా తెలియదు. మిగతా వాళ్ళకి, ఒక్కొక్కరికి రెండు లక్షల దాకా, వేరే తీసుకోవచ్చు. అది రాయించాను, ఆయనకి విడిగా ఒక ప్రమాద బీమా కూడా తీసుకున్నాం.

ఇంజన్ ప్రొటెక్షన్ దగ్గర ఆ అబ్బాయి అడగనే లేదు, టిక్కు పెట్టేసి నా వైపు చూశాడు. అంతా కలిపి మూడు వేల చిల్లర పెరిగింది. పాత పాలసీ కాగితం కారు డాష్‌బోర్డులోనే ఉండి నాని ముద్దయిపోయింది. కొత్తది బీరువాలో పైఅరలో పెట్టాను, ఇంకో కాపీ ఫోనులో ఉంది. తాళం మాత్రం, వాన పడుతుంటే, నా దగ్గరే ఉంటోంది.