మీటరు అబద్ధం చెబితే...

హోసూరు నుంచి ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. అమెరికాలో ఉన్న వారబ్బాయి 1989 నాటి ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కారు కొన్నాడట. బలం పెంచడానికి పెద్ద ఇంజెక్టర్లూ, వాటికి జతగా అమ్మే గాలి మీటరూ వేయిస్తానంటున్నాడట. "కారు కంప్యూటరు జోలికి పోనక్కర్లేదంటాడు, నమ్మమంటారా?" అని అడిగారు.

సగమే నమ్మండి.

పెట్రోలు సరిగ్గా మండాలంటే తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. లోపలికి పోయే గాలి మీటరులోని వేడి తీగను చల్లబరుస్తుంది. తీగ వేడి తగ్గకుండా ఎంత కరెంటు కావాలో దాన్నిబట్టి గాలి తూకం తెలుస్తుంది. ఆ లెక్క ప్రకారం కంప్యూటరు ఇంజెక్టరును కొన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది. ఆ కారు ఇంజెక్టరు గంటకు 19 పౌండ్లు పోస్తుంది. 30 పౌండ్లది పెడితే, అంతేసేపు తెరిచినా ఒకటిన్నర రెట్లకు పైగా పడుతుంది. ఇక నల్లపొగ, తడిసిన ప్లగ్గులు!

అందుకే అక్కడివాళ్లు ఉపాయం పన్నారు. నూరు పాళ్ల గాలి పోతుంటే 63 అని చెప్పే మీటరు తయారుచేశారు. ఐదుగురు భోజనానికి వస్తే ముగ్గురే అని చెప్పి, పెద్ద గరిటెతో వడ్డించినట్టన్నమాట. పెట్రోలు సరిపోతుంది.

చిక్కంతా స్పార్కు దగ్గర. అది ఎప్పుడివ్వాలో కూడా కంప్యూటరు ఆ గాలి లెక్క చూసే నిర్ణయిస్తుంది. గాలి తక్కువంటే ఇంజిన్ మీద భారం తక్కువనుకుని స్పార్కును ముందుకు జరుపుతుంది. నిజానికి సిలిండరు నిండా గాలి ఉంది. టకటకమని నాకింగ్ మొదలవుతుంది. దాన్ని పసిగట్టే సెన్సరు ఆ కారులో లేదు. వినీ విననట్టు తోలితే హెడ్ గాస్కెట్టో, పిస్టనో పోతుంది.

అబ్బాయికి ఇలా రాయండి. కొత్త ఇంజెక్టరు కొలత, కొత్త మీటరు లెక్క నేరుగా కంప్యూటరుకే ఎక్కించమనండి. చక్రాలను రోలర్ల మీద తిప్పి, పొగలో ఆక్సిజన్ కొలుస్తూ సరిచూసుకోమనండి. ఖర్చే, కానీ ఇంజిన్ మళ్లీ కట్టించడం అంతకంటే ఖర్చు.

మన ఊళ్లలో తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఈ మీటరే ఉండదు, గొట్టంలో గాలి పీడనం చూసి లెక్క కడతాయి. కనుక ఇక్కడెవరైనా ఈ జత అంటగట్టబోతే, ముందు బానెట్ ఎత్తి పాత మీటరు ఎక్కడుందో చూపించమనండి.