పై చదువులకు యోగ్యతాలేఖలు

డిగ్రీ చివరి సంవత్సరమున నున్న మన పిల్లలు పై చదువులకు దరఖాస్తులు పెట్టుకొను కాలము ప్రతి యేటివలెనే సమీపించుచున్నది. ఈ దినములలో తల్లిదండ్రులు మా యంగడికి వచ్చి, సంఘ పెద్దలుగా తమ బిడ్డకొక మంచి లేఖ వ్రాసి యిమ్మని కోరుట పరిపాటి. శాసనసభ్యుని సంతకము కూడ సంపాదించి పెట్టుమని యడుగువారును గలరు. వారికి మాయం దున్న యాదరమునకు కృతజ్ఞులము. అయినను అట్టి లేఖవలన బిడ్డకు మేలు కలుగదని స్పష్టముగా చెప్పుట మా విధి.

వర్తకులము గనుక మాకు తెలిసిన మాటలో చెప్పెదము. హుండీ చెల్లవలెనన్న, సంతకము చేసినవాని పరపతి అవతలివానికి తెలిసియుండవలెను. పావగడలోని పలుకుబడి పరదేశపు విశ్వవిద్యాలయమున చెల్లదు. ఆ విద్యార్థి యెట్లు చదివెనో, యెట్లు ఆలోచించెనో స్వయముగా చూచినవాని మాటయే వారికి కావలెను. అట్టివాడు తరగతిలో పాఠము చెప్పిన యధ్యాపకుడు.

లేఖల సంగతికి ముందు, ఏ విశ్వవిద్యాలయమునకు పోవలెనో నిర్ణయించుకొనవలెను. మన తాలూకాకు మూడు వైపుల ఆంధ్రదేశము; పరిపాలన కర్ణాటకము. అనంతపురమున 1981లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము మనకు చేరువ. కాని రాజ్యాంగములోని 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము అచ్చట 85 శాతము సీట్లు స్థానికులకే చెందును. మిగిలిన 15 శాతమునకును షరతులు గలవు. మాతృభాష తెలుగైనంత మాత్రమున మన బిడ్డ స్థానికుడు కాడు. ఎచ్చట చదివినాడు, ఎచ్చట నివసించినాడు అనునదే లెక్క.

ఇది విని పలువురు అనంతపురము నాశనే విడిచిపెట్టుచున్నారు. అది తొందరపాటు. అదే అనంతపురమున 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసినది. అందు ప్రవేశము సి.యు.ఇ.టి. అను అఖిల భారత పరీక్షవలన. స్థానిక, స్థానికేతర భేదము లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకును, కలబురగిలోని కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయమునకును ఈ పరీక్షయే ద్వారము. ఇటీవలి సంవత్సరములలో ఇది మార్చి మాసమున జరుగుచున్నది. డిగ్రీ ఫలితములు వచ్చిన పిమ్మట మేల్కొనువారికి గడువు దాటిపోవును. ఆడపిల్లలను దూరము పంపుటకు జంకు తల్లిదండ్రులు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను. తుమకూరు, బెంగళూరు విశ్వవిద్యాలయములు మన రాష్ట్రపువే గనుక వానిని విడువరాదు.

యోగ్యతాలేఖల యవసరము విదేశములకు పోవువారికే హెచ్చు. సాధారణముగా అమెరికాలో మూడు, బ్రిటనులో రెండు లేఖలు అడుగుదురు. మన మూడేండ్ల డిగ్రీని అమెరికాలో అన్ని విశ్వవిద్యాలయములును అంగీకరింపవు. రుసుము చెల్లించుటకు ముందే ఆ నియమము చదువుకొనవలెను. ఆగస్టులో మొదలగు తరగతులకు అచ్చట పెక్కింట దరఖాస్తులు ముందటి డిసెంబరు, జనవరి మాసములలోనే ముగియును. అధ్యాపకునికి కనీసమొక నెల ముందు విన్నవించి, మార్కుల పట్టిక, తాను వ్రాసిన మంచి వ్యాసము, చేరదలచిన శాఖ వివరములు అందజేయవలెను. విశ్వవిద్యాలయము లేఖను అధ్యాపకుని ఈ-మెయిలు ద్వారా నేరుగా కోరును. అది విద్యార్థి చేతికి రాదు. తామే లేఖ వ్రాసుకొని సంతకమునకు తెచ్చు వాడుక సరికాదు. అట్టి లేఖలన్నియు నొకే మూసలో నుండును, చదువువారు పసిగట్టుదురు.

మన ప్రభుత్వ కళాశాలలలో అతిథి ఉపన్యాసకులు పలువురు. ఈ యేడున్నవారు మరుసటి యేడుందురన్న నమ్మకము లేదు. కావున వారు వెడలిపోకముందే చిరునామా, ఈ-మెయిలు వ్రాసికొని యుంచుట మేలు.

అధ్యాపక మహాశయులకును ఒక మనవి. "మంచి నడవడి గలవాడు, కష్టపడి చదువును" అను రెండు పంక్తులు ఎవరికైనను వ్రాయవచ్చును. మన బిడ్డ యింట తెలుగు మాటలాడి, బడిలో కన్నడమున చదివి, డిగ్రీలో ఆంగ్లమున పరీక్ష వ్రాసినవాడు. వాని ఆంగ్లపు మార్కులు తక్కువైనచో కారణమిది; మూడు భాషలలో మెలగగల నేర్పు వాని బలము. ఈ మాట దూరమున కూర్చున్నవారికి తమరు చెప్పనిదే తెలియదు. తరగతిలో వాని స్థానమేమి, ఏ ప్రశ్నకు తనంత తాను జవాబు వెదకినాడు, ఇట్టివి వ్రాయుడు.

ఇదివరకే ఎం.ఏ., ఎం.ఎస్‌సి. ముగించిన మన యువకులు, యువతులు తమ యూరి విద్యార్థుల దరఖాస్తులు ఒకసారి చూచిపెట్టిన చాలును. దానికి ధనవ్యయము లేదు. రెండు రాష్ట్రముల నడుమ నున్న మనకు నియమములు తెలియకపోవుటవలన కలుగు నష్టము, సీట్లు లేకపోవుటవలన కలుగు నష్టమునకు తీసిపోదు. మొదటిదానిని మనమే నివారించుకొనగలము.