దూలగొండి పొడి, డోపమైన్ కబురు

దూలగొండి పేరెత్తితే మా నెల్లూరోళ్లకి ముందు గోక్కోవడమే గుర్తొస్తుంది. కంచెల మీద పాకే తీగ, కాయల నిండా సన్నటి నూగు. అది చొక్కాలో పడిందంటే ఆ రోజు అయిపోయినట్టే. ఇప్పుడు ఆ గింజల పొడే రీల్స్‌లో పార్కిన్సన్స్‌కి పక్కా మందంటూ తిరుగుతోంది. ఇది పూర్తిగా పుకారైతే గొడవే లేదు. కాదు కాబట్టే చిక్కు.

1937లో, మన జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా, మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గింజల్లోంచి ఎల్-డోపాని వేరు చేశారు. పార్కిన్సన్స్‌కి, దానికి లింకుందని అప్పటికెవరికీ తెలీదు. ఇరవై ఏళ్లకి స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి రిసర్పిన్ ఇచ్చాడు (అదీ మన సర్పగంధి వేరులో దొరికేదే). అవి కదల్లేక కూలబడ్డాయి. ఎల్-డోపా ఎక్కిస్తే లేచి తిరిగాయి. నాడీ కణాల మధ్య కబుర్లు ఎలా నడుస్తాయో తేల్చినందుకు 2000లో ఆయనకి, మరో ఇద్దరికి కలిపి నోబెల్ వచ్చింది.

ఆ కబురే డోపమైన్. ఒక కణం వదిలితే, అవతలి కణం మీది రిసెప్టర్లు అందుకుని లోపల రసాయనాల గొలుసుని కదిలిస్తాయి. డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటే కబురు అందదు. చెయ్యి వణుకుతుంది, అడుగు పడదు. డోపమైన్‌నే మింగుదామంటే అది మెదడులోకి పోదు. ఎల్-డోపా పోతుంది, అక్కడికెళ్లాక డోపమైన్‌గా మారుతుంది.

మైపాడులో మా పెదనాయన డాక్టరిచ్చిన మాత్రలతో పాటు ఈ పొడీ మొదలెట్టాడు. "చెట్టు మందే గదబ్బయా, ఏం గాదులే" అన్నాడు. అవుతుంది. ఎల్-డోపాలో చాలా భాగం మెదడు చేరకముందే ఒంట్లో డోపమైన్ అయిపోతుంది. దాంతో వాంతులు, కళ్లు తిరగడం. అందుకే మాత్రలో కార్బిడోపా కలుపుతారు. పొడిలో అది ఉండదు, మోతాదూ ప్యాకెట్ ప్యాకెట్‌కీ మారుతుంది. మాత్ర మీద పొడి పడితే డోసు పెరిగి ఒళ్లు దానంతటదే మెలికలు తిరగొచ్చు. పొడిని నమ్మి మాత్ర హఠాత్తుగా ఆపితే ఇంకా ప్రమాదం.

అలాగని గింజని తీసిపారేయలేం. 2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద చూస్తే, పొడి మాత్ర కన్నా సగం టైములోనే పని మొదలెట్టింది. కానీ ఎనిమిది మందే. వాడుతుంటే న్యూరాలజిస్టుకి చెప్పి తీరాలి, దాచకూడదు.

మాత్రయినా పొడయినా కబురు అందిస్తుందే గానీ కణాల చావుని ఆపదు. అందుకే ఇప్పుడు పరిశోధకుల కన్ను కణం లోపలి స్విచ్‌ల మీద పడింది. వాటిలో ఒకటి ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ఎంజైము. వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించి వాటి పని మార్చడం దాని డ్యూటీ. కొన్ని కుటుంబాల్లో జన్యువు తేడా వల్ల అది అతిగా పనిచేసి జబ్బు తెస్తుంది. దాని జోరు తగ్గించే మందుల్ని మనుషుల మీద పరీక్షిస్తున్నారు. జబ్బు ముదరకుండా ఆపుతుందని రుజువైన మందు మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.